శుక్రుడా, చంద్రుడా, బృహస్పతా? అంతరిక్ష యాత్రల ఎంపిక వెనుక లెక్కలు

2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఒకే రోజు రెండు అంతరిక్ష యాత్రలకు ఆమోదం తెలిపింది. చంద్రుడి మీది మట్టిని, రాళ్లను భూమికి తీసుకొచ్చే చంద్రయాన్-4కు రూ.2,104.06 కోట్లు, శుక్రుడి చుట్టూ తిరుగుతూ పరిశీలించే ఆర్బిటర్‌కు రూ.1,236 కోట్లు కేటాయించింది. ఈ వార్త చదివినవారికి ఒక సందేహం రావడం సహజం. సౌరకుటుంబంలో ఎనిమిది గ్రహాలు, వందలాది ఉపగ్రహాలు, లక్షల కొద్దీ గ్రహశకలాలు ఉన్నాయి. వాటిలో ఈ రెండే ఎందుకు? బృహస్పతి ఉపగ్రహం యూరోపా మీద మంచు పొర కింద ఉప్పునీటి సముద్రం ఉందని శాస్త్రవేత్తలు బలంగా నమ్ముతున్నారు కదా, ముందు అక్కడికి ఎందుకు వెళ్లకూడదు? అసలు ఈ వరుసను ఎవరు, ఏ లెక్కన నిర్ణయిస్తారు?

ఆసక్తి ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడికి వెళ్తారనుకుంటే పొరపాటే. ఒక యాత్ర ప్రతిపాదన కాగితం మీద నుంచి రాకెట్ కొన మీదికి చేరేలోగా చాలా జల్లెడలు దాటాలి. శాస్త్రీయ ప్రశ్న, రాకెట్ మోయగల బరువు, గ్రహాలు అనుకూలించే సమయం, పోటీ, డబ్బు, గతంలో ఎదురైన వైఫల్యాలు అన్నీ అందులో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం. అలా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. అంతరిక్ష సంస్థలు చేసే కష్టమైన పని మంచి యాత్రను వెతకడం కాదు, చాలా మంచి యాత్రల్లో దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడం.

ముందు భిలాయిని చూద్దాం

ఇలాంటి ఎంపికకు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరిలో భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఈ కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. భిలాయి వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపించడానికి కారణం అదే.

ఉక్కు కర్మాగారాన్ని ఎక్కడ పెట్టాలి? ఇనుప ఖనిజం ఉన్నచోట అని వెంటనే అనిపిస్తుంది. కానీ ఖనిజం ఒక్కటే ఉంటే ఉక్కు తయారవదు. భిలాయికి ఖనిజం దల్లీ-రాజహర గనుల నుంచి వస్తుంది. సున్నపురాయి నందిని నుంచి, డోలమైట్ హిర్రీ నుంచి వస్తాయి. నీటికి తాండులా జలాశయం ఆధారం. బొగ్గు దూరం నుంచి రావాలి కాబట్టి ముంబయి-హౌరా రైలు మార్గం పక్కనే ఉండటం అవసరం. ఈ అన్నింటిలో ఒక్కటి లోపించినా మిగతావి ఎంత బాగున్నా ఫర్నేస్ మండదు.

గ్రహయాత్ర ఎంపిక కూడా ఇలాగే ఉంటుంది. ఇక్కడ శాస్త్రీయ ప్రశ్న ఖనిజం లాంటిది. అది లేకపోతే యాత్రకు అర్థమే ఉండదు. అది మాత్రమే ఉంటే యాత్ర కదలదు.

మొదటి జల్లెడ: ఏం తెలుసుకోవాలి?

భారత్ తొలి చంద్రయాత్ర ఆలోచన 1999లో భారతీయ విజ్ఞాన అకాడమీ సమావేశంలో చర్చకు వచ్చింది. మరుసటి ఏడాది భారత ఆస్ట్రోనాటికల్ సొసైటీ కూడా దాన్ని చర్చించింది. ఆ తర్వాత ఇస్రో ఒక జాతీయ కార్యదళాన్ని నియమించి సాధ్యాసాధ్యాలు పరిశీలించమంది. ఆ నివేదికను 2003లో వివిధ రంగాలకు చెందిన దాదాపు వంద మంది శాస్త్రవేత్తలు చర్చించి సిఫారసు చేశారు. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం ఆమోదించింది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయలుదేరింది. ఆలోచన మొదలైనప్పటి నుంచి ప్రయోగం దాకా తొమ్మిదేళ్లు పట్టింది.

అప్పటికే అమెరికా మనుషులను చంద్రుడి మీద దింపి తీసుకొచ్చి మూడు దశాబ్దాలు దాటింది. కాబట్టి ‘మనం కొత్తగా ఏం కనుక్కుంటాం?’ అన్న ప్రశ్నకు గట్టి జవాబు కావాలి. అపోలో యాత్రలు చంద్రుడి మధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లోనే దిగాయి. చంద్రుడి మొత్తం ఉపరితలం మీద ఏ ఖనిజం ఎక్కడుందో సూక్ష్మంగా చూపే పటం, ధ్రువ ప్రాంతాల వివరాలు అప్పటికి కొరతగానే ఉన్నాయి. చంద్రయాన్-1 లక్ష్యాలు ఆ ఖాళీ చుట్టూ అల్లుకున్నాయి.

ఇందులో ఇంకో ఎంపిక కూడా ఉంది. ఆ నౌకలో ప్రయాణించిన 11 పరికరాల్లో అయిదు భారత్‌వి. మిగతా ఆరింటిని విదేశీ సంస్థల ప్రతిపాదనల నుంచి ఎంచుకున్నారు. వాటిలో నాసా పంపిన మూన్ మినరాలజీ మ్యాపర్ ఒకటి. చంద్రుడి నేల నుంచి పరావర్తనమయ్యే పరారుణ కాంతిని అది రంగులుగా విడగొట్టి చూసింది. నీరు, హైడ్రాక్సిల్ అణువులు పీల్చుకునే తరంగదైర్ఘ్యాల దగ్గర ఆ కాంతి తగ్గడాన్ని పసిగట్టింది. ఆ ఫలితాలు 2009 సెప్టెంబరులో వెలువడ్డాయి. పూర్తిగా ఎండిపోయిందనుకున్న చంద్రుడి గురించి ప్రపంచం ఆలోచన మారింది. చంద్రుడి దక్షిణ ధ్రువం మీద ఇవాళ ఇన్ని దేశాలకు ఆసక్తి ఉండటానికి అది ఒక ముఖ్య కారణం. ఏ గ్రహానికి వెళ్లాలన్నది ఎంత ముఖ్యమో, నౌకలోని కొద్దిపాటి చోటును ఏ పరికరానికి ఇవ్వాలన్నదీ అంతే ముఖ్యం.

రెండో జల్లెడ: మన రాకెట్ ఎంత మోస్తుంది?

2012 ఆగస్టులో ప్రభుత్వం అంగారక యాత్రకు ఆమోదం ఇచ్చింది. ఆ నెల 15న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఎర్రకోట మీద నుంచి దాన్ని ప్రకటించారు. 2013 నవంబరు 5న మంగళయాన్ శ్రీహరికోట నుంచి బయలుదేరింది. ఆమోదానికీ ప్రయోగానికీ మధ్య 15 నెలలే ఉన్నాయి. ఖర్చు రూ.450 కోట్లు.

అప్పటికి ఇస్రో దగ్గర నమ్మకంగా ఎగురుతున్న రాకెట్ పీఎస్ఎల్‌వీ. ఇంకా పెద్దదైన జీఎస్ఎల్‌వీ 2010లో వరుసగా రెండుసార్లు విఫలమైంది. దాంతో యాత్రను పీఎస్ఎల్‌వీకి సరిపోయేలా మలచారు. నౌక మొత్తం బరువు 1,337 కిలోలు. అందులో 852 కిలోలు ఇంధనమే. శాస్త్రీయ పరికరాలకు మిగిలింది దాదాపు 15 కిలోలు. అందులోనే అయిదు పరికరాలను ఇమిడ్చారు. అంగారకుడి మీద మీథేన్ ఉందా లేదా అన్నది ఆ రోజుల్లో వేడి చర్చ. అందుకే మీథేన్‌ను వెతికే పరికరానికి ఆ కొద్దిపాటి బరువులోనూ చోటు దక్కింది.

రాకెట్ పరిమితి ఎక్కడిదాకా వెళ్తుందో కక్ష్యను చూస్తే తెలుస్తుంది. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుడి కక్ష్యలో చేరింది. గ్రహానికి దగ్గరగా వచ్చినప్పుడు దాని ఎత్తు సుమారు 422 కిలోమీటర్లు, దూరంగా వెళ్లినప్పుడు సుమారు 77 వేల కిలోమీటర్లు. కోడిగుడ్డు కన్నా ఎంతో సాగిన కక్ష్య అది. గుండ్రని దగ్గరి కక్ష్యలోకి ఎందుకు వెళ్లలేదు?

చిన్న లెక్క వేద్దాం. అంగారకుడి ఆకర్షణకు చిక్కడానికి నౌక తన వేగాన్ని సెకనుకు సుమారు 1.1 కిలోమీటర్లు తగ్గించుకుంది. ఆ సాగిన కక్ష్యను 422 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రంగా మార్చాలంటే ఇంకో సుమారు 1.3 కిలోమీటర్లు తగ్గించాలి. అంటే అంగారకుడిని చేరడానికి వేసిన బ్రేకు కన్నా పెద్ద బ్రేకు మరొకటి వేయాలి. దానికి అదనపు ఇంధనం కావాలి. ఆ ఇంధనాన్ని భూమి నుంచి అంత దూరం మోసుకెళ్లడానికి ఇంకొంత ఇంధనం కావాలి. అంతా కలిపితే పీఎస్ఎల్‌వీ మోయలేని బరువవుతుంది.

దీని ప్రభావం శాస్త్ర ఫలితాల మీద పడింది. నౌక ఎక్కువ సమయం గ్రహానికి దూరంగా గడపడం వల్ల దగ్గరి పరిశీలనకు దొరికిన సమయం తక్కువ. అదే దూరం వల్ల ఇంకో లాభం కలిగింది. అంగారక గోళం మొత్తాన్ని ఒకే చిత్రంలో చూపగలిగింది, దాని చిన్న ఉపగ్రహం డెయిమోస్ అవతలి వైపును కూడా ఫొటో తీసింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న నౌక దాదాపు ఎనిమిదేళ్లు సేవలందించింది. ఇస్రో ఆ యాత్రకు మొదటి లక్ష్యంగా పెట్టుకున్నది మరో గ్రహానికి వెళ్లే సాంకేతికతను నిరూపించడం. ఆ కొలతతో చూస్తే ఎంపిక సరైనదే.

బృహస్పతికి ఎందుకు వెళ్లడం లేదన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ జల్లెడలోనే ఉంది. సూర్యుడి నుంచి బృహస్పతి దూరం భూమి దూరానికి 5.2 రెట్లు. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి అక్కడ భూమి దగ్గర అందేదాంట్లో 27వ వంతు మాత్రమే అందుతుంది. దాంతో విద్యుత్ కోసం చాలా పెద్ద సౌరఫలకాలైనా మోయాలి, అణుధార్మిక పదార్థం వేడితో నడిచే జనరేటరైనా కావాలి. 2023 ఏప్రిల్ 14న ఐరోపా అంతరిక్ష సంస్థ బృహస్పతి వైపు పంపిన జ్యూస్ నౌకకు 85 చదరపు మీటర్ల సౌరఫలకాలు అమర్చాల్సి వచ్చింది. భారీ రాకెట్, ఏళ్ల తరబడి ప్రయాణం, తీవ్రమైన రేడియేషన్‌ను తట్టుకునే ఎలక్ట్రానిక్స్ దీనికి అదనం.

మూడో జల్లెడ: దారి ఎప్పుడు తెరుచుకుంటుంది?

గ్రహాలకు ఏ రోజు పడితే ఆ రోజు బయలుదేరలేం. భూమి, గమ్యస్థానం రెండూ సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాయి. తక్కువ ఇంధనంతో చేరుకునే అమరిక అంగారకుడికి దాదాపు 26 నెలలకొకసారి, శుక్రుడికి దాదాపు 19 నెలలకొకసారి వస్తుంది. ఆ అమరికలన్నీ ఒకేలా ఉండవు. కొన్నింట్లో ఇంధనం తక్కువ పడుతుంది, కొన్నింట్లో ఎక్కువ. మంగళయాన్‌ను 15 నెలల్లో తయారుచేయడానికి ఆ ఒత్తిడే కారణం. 2013 నవంబరు దాటిపోయి ఉంటే 2016 దాకా ఆగాల్సి వచ్చేది.

శుక్రయాత్ర విషయంలో ఈ ఎదురుచూపు మరింత పొడవైంది. పరికరాల కోసం ఇస్రో 2017లో దేశంలోని సంస్థలను, 2018లో విదేశీ సంస్థలను ప్రతిపాదనలు పంపమంది. ప్రయోగం 2023లో ఉండొచ్చని తొలుత అనుకున్నారు, తర్వాత 2024 అన్నారు. 2024లో మంత్రివర్గ ఆమోదం వచ్చింది. ప్రయోగానికి ఇప్పుడు లక్ష్యం 2028 మార్చి.

శుక్రుడి మీద దిగే నౌకను కాకుండా చుట్టూ తిరిగేదాన్నే ఎంచుకోవడం వెనుక కారణం భిలాయి పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. శుక్రుడి ఉపరితలం మీద ఉష్ణోగ్రత సుమారు 465 డిగ్రీల సెల్సియస్. సీసం 327 దగ్గర, జింకు 420 దగ్గర కరిగిపోతాయి. ఉక్కుకు ఆ వేడి ఒక లెక్క కాదు, ఎలక్ట్రానిక్ చిప్‌లకు మాత్రం అది చావే. పైగా అక్కడి వాతావరణ పీడనం భూమి మీదికన్నా 90 రెట్లు ఎక్కువ. 1982లో అక్కడ దిగిన సోవియట్ నౌక వెనెరా-13 పనిచేసింది 127 నిమిషాలు. కక్ష్యలో ఉండి, దట్టమైన మేఘాలను దాటిపోయే రాడార్ తరంగాలతో నేలను చూడటం తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం సాగే పద్ధతి.

నాలుగో జల్లెడ: పోటీ

అమెరికాలో ఎంపిక పద్ధతి మరో రకంగా ఉంటుంది. అక్కడి జాతీయ అకాడమీలు పదేళ్లకొకసారి గ్రహశాస్త్రవేత్తల అభిప్రాయాలు సేకరించి ఒక నివేదిక ప్రచురిస్తాయి. దాన్ని దశాబ్ది సర్వే అంటారు. 2023-2032 కాలానికి సంబంధించిన నివేదిక 2022 ఏప్రిల్‌లో వచ్చింది. దానికోసం శాస్త్రవేత్తల బృందాలు 500కు పైగా అభిప్రాయపత్రాలు పంపాయి. అందులో భారీ యాత్రల్లో మొదటి స్థానం యురేనస్ ఆర్బిటర్‌కు, రెండో స్థానం శని ఉపగ్రహం ఎన్సెలాడస్ యాత్రకు ఇచ్చారు. అంతకుముందు 2011లో వచ్చిన నివేదికలో మొదటి రెండు స్థానాల్లో ఉన్నవి అంగారక నమూనాల సేకరణ, యూరోపా యాత్ర. మొదటిది పర్సివరెన్స్ రోవర్‌గా 2020లో, రెండోది యూరోపా క్లిప్పర్‌గా 2024 అక్టోబరులో బయలుదేరాయి. ఈ నివేదికకు చట్టబలం లేదు. అయినా వరుస ముందే అందరి కళ్ల ముందు ఉండటం వల్ల దాన్ని తోసిపుచ్చేవారు కారణం చెప్పాల్సి వస్తుంది.

చిన్న, మధ్యతరహా యాత్రలకు నాసా బహిరంగ పోటీ పెడుతుంది. ఖర్చు ఎంత మించకూడదో ముందే చెబుతుంది. ఒక ప్రధాన పరిశోధకుడి నాయకత్వంలో బృందాలు ప్రతిపాదనలు పంపుతాయి. వాటిని మూడు విధాలుగా తూస్తారు. ప్రశ్నకు శాస్త్రీయంగా ఎంత విలువ ఉంది? ఎంచుకున్న పరికరాలతో దానికి నిజంగా జవాబు దొరుకుతుందా? చెప్పిన డబ్బుతో, చెప్పిన గడువులో కట్టగలరా?

2020 ఫిబ్రవరిలో చిన్నతరహా యాత్రల పోటీలో నాలుగు ప్రతిపాదనలు చివరి దశకు చేరాయి. రెండు శుక్రుడికి, ఒకటి బృహస్పతి ఉపగ్రహం అయోకు, ఒకటి నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటాన్‌కు. ఒక్కో బృందానికి 30 లక్షల డాలర్లిచ్చి తొమ్మిది నెలల పాటు లోతైన అధ్యయనం చేయమన్నారు. 2021 జూన్ 2న రెండు శుక్రయాత్రలు డావిన్సీ, వెరిటాస్ గెలిచాయి. ఎనిమిది రోజుల తర్వాత ఐరోపా సంస్థ కూడా శుక్రుడికి ఎన్విజన్ నౌకను ఎంపిక చేసింది.

ఓడిపోయినవి నాసిరకం ప్రతిపాదనలు కావు. ట్రైటాన్‌ను దగ్గర నుంచి చూసిన నౌక ఇప్పటిదాకా వాయేజర్-2 ఒక్కటే. అదీ 1989లో, పక్కనుంచి దాటిపోతూ. ఆ రోజు ట్రైటాన్‌ను చూసి పరిశోధన మొదలుపెట్టిన యువకులు ఇప్పుడు పదవీ విరమణ వయసులో ఉన్నారు. ఒక యాత్ర ఎంపిక కాకపోవడమంటే కొందరి జీవితకాలంలో ఆ ప్రశ్నకు జవాబు దొరకకపోవడమే.

గెలిచాక కూడా నిశ్చింత లేదు

ఎంపికతో కథ ముగియదు. 2017లో నాసా మధ్యతరహా పోటీకి 12 ప్రతిపాదనలు వచ్చాయి. చివరికి ఒక తోకచుక్క నుంచి నమూనా తెచ్చే సీజర్, శని ఉపగ్రహం టైటాన్ మీద ఎగిరే డ్రాగన్‌ఫ్లై మిగిలాయి. 2019 జూన్‌లో డ్రాగన్‌ఫ్లై గెలిచింది. ప్రయోగం, నిర్వహణ ఖర్చులు కాకుండా 85 కోట్ల డాలర్ల పరిమితితో జరిగిన పోటీ అది. 2024 ఏప్రిల్‌లో నాసా తుది ఆమోదం ఇచ్చేనాటికి అన్ని ఖర్చులూ కలిపి యాత్ర అంచనా 335 కోట్ల డాలర్లకు చేరింది. ప్రయోగం 2028 జులైకి జరిగింది.

వెరిటాస్‌ది మరో రకం కష్టం. 2022లో నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో సైకీ అనే వేరే యాత్ర గడువు తప్పింది. దాని మీద జరిగిన సమీక్షలో సిబ్బంది కొరత బయటపడింది. మనుషులను సర్దుబాటు చేయడానికి వెరిటాస్‌ను కనీసం మూడేళ్లు వెనక్కి జరిపారు. తన తప్పేమీ లేకుండానే ఒక యాత్ర క్యూలో వెనక్కి వెళ్లింది.

అంగారక నమూనాలను భూమికి తెచ్చే యాత్రకు దశాబ్ది సర్వేల అండ ఉంది. పర్సివరెన్స్ 2021 నుంచి రాతి నమూనాలు సేకరించి గొట్టాల్లో భద్రపరుస్తోంది. కానీ వాటిని తేవడానికి 1,100 కోట్ల డాలర్ల దాకా ఖర్చవుతుందని, 2040 దాకా ఆగాలని తేలడంతో, అది ఆమోదయోగ్యం కాదని 2024 ఏప్రిల్‌లో నాసాయే ప్రకటించింది. ఒక యాత్ర ఖర్చు పెరిగితే ఆ భారం మొత్తం వరుస మీద పడుతుంది. ఖర్చు అంచనాను అంత కఠినంగా పరీక్షించేది అందుకే.

వైఫల్యం కూడా వరుసను మారుస్తుంది

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద కూలిపోయింది. ఆ తర్వాత ఇస్రో ముందు రెండు దారులు ఉన్నాయి. కొత్త గమ్యం వైపు వెళ్లడం, లేదా దిగడం వచ్చేదాకా అదే పరీక్ష మళ్లీ రాయడం. ఇస్రో రెండోది ఎంచుకుంది. చంద్రయాన్-2 ఆర్బిటర్ బాగానే పనిచేస్తుండటంతో కొత్తగా ఇంకొకటి పంపలేదు. 978 కోట్ల రూపాయల చంద్రయాన్-2తో పోలిస్తే చంద్రయాన్-3కు అయిన ఖర్చు సుమారు 615 కోట్లు. దిగాల్సిన చోటును 500 మీటర్ల చతురస్రం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతానికి పెంచారు. ల్యాండర్ కాళ్లను బలపరిచారు. 2023 ఆగస్టు 23న అది విజయవంతంగా దిగింది.

ఆ విజయం లేకపోతే చంద్రయాన్-4కు అర్థమే లేదు. దిగడం రాకుండా మట్టిని తేలేం. మట్టి తేవాలంటే అంతరిక్షంలో రెండు నౌకలను కలపడం కూడా రావాలి. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి పంపిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. బయటికి విడివిడిగా కనిపించే ఈ ప్రయోగాలు నిజానికి ఒకే మెట్లదారిలోని మెట్లు. ఇస్రో ఎంపికల్లో స్పష్టంగా కనిపించే పద్ధతి ఇదే. ప్రతి యాత్రా ఒక కొత్త సామర్థ్యాన్ని నేర్పి, తర్వాతి యాత్రకు అర్హత సంపాదించిపెట్టాలి.

మీరే ఎంపిక చేసి చూడండి

ఈ నిర్ణయాల్లో ఎక్కడ తేడా వస్తుందో తెలుసుకోవడానికి ఊహాజనితమైన చిన్న లెక్క చేద్దాం. రెండు ప్రతిపాదనలకు మూడు అంశాల్లో పదేసి మార్కులు వేద్దాం.

మొదటి ప్రతిపాదన: శాస్త్ర విలువ 6, సాంకేతిక సంసిద్ధత 9, ఖర్చులో పొదుపు 8.

రెండో ప్రతిపాదన: శాస్త్ర విలువ 9, సాంకేతిక సంసిద్ధత 6, ఖర్చులో పొదుపు 5.

మూడింటికీ సమాన ప్రాధాన్యం ఇస్తే మొదటిదానికి 23, రెండోదానికి 20. మొదటిది గెలుస్తుంది. ఇప్పుడు శాస్త్ర విలువకు మూడు రెట్ల ప్రాధాన్యం ఇద్దాం. మొదటిదానికి 18, 9, 8 కలిపి 35. రెండోదానికి 27, 6, 5 కలిపి 38. ఈసారి రెండోది గెలిచింది. ప్రతిపాదనలు మారలేదు, మార్కులు మారలేదు. దేనికి ఎంత విలువ ఇవ్వాలన్న మన అభిప్రాయం మాత్రమే మారింది.

ప్రతిపాదనలు పిలవక ముందే తూకం నియమాలు ప్రకటించాల్సింది అందుకే. ప్రతిపాదనలు చూశాక తూకాలు మారిస్తే, ఎవరిని కావాలంటే వారిని గెలిపించవచ్చు. పరీక్ష పేపర్ దిద్దేటప్పుడు ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో నిర్ణయించినట్టు అవుతుంది.

మన దగ్గర ఎవరు నిర్ణయిస్తారు?

భారత్‌లో ఇస్రో కేంద్రాలు, పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాల నుంచి ఆలోచనలు వస్తాయి. అధ్యయన బృందాలు, సలహా సంఘాలు వాటిని పరిశీలిస్తాయి. అంతరిక్ష కమిషన్ చూశాక పెద్ద ఖర్చున్న యాత్రలు కేంద్ర మంత్రివర్గానికి వెళ్తాయి. ఈ దారికి ఒక బలం ఉంది. రాకెట్ కట్టేవారు, నౌక కట్టేవారు, నడిపేవారు ఒకే సంస్థలో ఉండటం వల్ల, సాధ్యం కానిది కాగితం మీద ఎక్కువ కాలం నిలవదు. మంగళయాన్ 15 నెలల్లో సిద్ధమవడం దీనికి నిదర్శనం.

సామర్థ్యం నేర్చుకునే దశలో ఈ పద్ధతి బాగా పనిచేసింది. ఇప్పుడు భారత్ ఆ దశ చివరికి వచ్చింది. దిగడం వచ్చింది, మరో గ్రహం చుట్టూ తిరగడం వచ్చింది, అంతరిక్షంలో నౌకలను కలపడం వచ్చింది. జపాన్‌తో కలిసి చేపట్టే చంద్రయాన్-5లో దాదాపు 250 కిలోల రోవర్ ఉంటుంది. చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు. ఇంత మోయగలిగినప్పుడు ‘ఏది చేయగలం?’ అన్న ప్రశ్న కన్నా ‘ఏది అడగాలి?’ అన్నది పెద్దదవుతుంది. శుక్రుడి దగ్గరికి నాసా నౌకలు రెండు, ఐరోపా నౌక ఒకటి సిద్ధమవుతున్నప్పుడు, మన నౌక అక్కడ ఏ ప్రత్యేకమైన ప్రశ్నకు జవాబు తెస్తుందన్నది ముందే తేల్చుకోవాలి.

ఆ ప్రశ్నలు కొద్దిమంది నుంచే రానక్కర్లేదు. చంద్రయాన్-1, మంగళయాన్, చంద్రయాన్-2 పంపిన సమాచారాన్ని ఇస్రో తన ప్రదాన్ వెబ్‌సైట్‌లో ఉంచింది. పేరు నమోదు చేసుకుంటే విద్యార్థులు కూడా దాన్ని తీసుకుని పరిశీలించవచ్చు. ఐఐటీ భిలాయిలో చదివేవారికైనా, శ్రీకాకుళం డిగ్రీ కాలేజీలో చదివేవారికైనా అందేది ఒకే సమాచారం. ఉన్న సమాచారం జవాబు చెప్పలేని ప్రశ్న ఎదురైనప్పుడే తర్వాతి యాత్రకు బీజం పడుతుంది. యాత్రల వరుస ఎలా తయారవుతుందో, ఏ ప్రతిపాదన ఏ కారణంతో పక్కన పడిందో ఎంత ఎక్కువగా బయటికి తెలిస్తే, తర్వాతి ప్రతిపాదన రాసేవారు అంత బాగా సిద్ధమవుతారు.

రేపు మరో యాత్రకు ఆమోదం వచ్చిందన్న వార్త చదివినప్పుడు అయిదు ప్రశ్నలు వేసుకుని చూడండి. ఇది ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోంది? ఏ రాకెట్ మోస్తుంది, పరికరాలకు ఎన్ని కిలోలు మిగిలాయి? గడువు తప్పితే మళ్లీ దారి ఎప్పుడు తెరుచుకుంటుంది? ఏ పాత విజయం మీద, ఏ పాత వైఫల్యం మీద ఇది నిలబడింది? దీనికోసం దేన్ని వదులుకున్నారు? చివరి ప్రశ్నకు జవాబు వార్తల్లో అరుదుగా కనిపిస్తుంది. ఒక దేశం సైన్సులో దేనికి విలువ ఇస్తోందో తెలిసేది మాత్రం ఆ జవాబులోనే.